ఊక కరెంటా, సౌర ఫలకాలా? రాజాం ప్రాంతంలో సుస్థిరతను లెక్కకట్టే తీరు

మీ ప్రశ్న సారాంశం ఇది. ఊకతో నడిచే ఆరు మెగావాట్ల బయోమాస్ విద్యుత్ కేంద్రం పెడతామని ఒక సంస్థ, సౌర ఫలకాల కోసం పాతికేళ్ల కౌలుకు భూమి ఇమ్మని మరొక సంస్థ రాజాం దగ్గరున్న మీ గ్రామాన్ని అడిగాయి. రెండూ తమదే పర్యావరణానికి మేలైన కరెంటు అని చెబుతున్నాయి. వీటిలో ఏది నిజంగా సుస్థిరమైనదో గ్రామసభలో మాట్లాడేలోగా తేల్చుకునే పద్ధతి చెప్పమన్నారు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో రైస్ మిల్లుల్లోనూ ఫెర్రో అల్లాయ్ కర్మాగారాల్లోనూ ఇంధన ఆడిట్ పనులు చేసినవాడిగా, నేను ఏ క్రమంలో ఆలోచిస్తానో అదే క్రమంలో రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇంధనం పేరును బట్టి సుస్థిరత తేలదు. అదే బాయిలరు, అదే ఊక ఒక చోట మేలు చేస్తాయి, ఇరవై కిలోమీటర్ల అవతల చేటు చేస్తాయి. ఆ ప్రాంతంలో అన్నిటికంటే ఇరుకైన వనరు ఏది, ఈ కేంద్రం దాన్ని ఎవరి చేతిలోంచి తీసుకుంటుంది, వాళ్లు ఆ లోటును దేనితో పూడ్చుకుంటారు అన్న మూడు విషయాలు తెలియకుండా వేసే ఏ మార్కుల పట్టికనూ నేను నమ్మను.

మీకు చూపించబోయే మొదటి కాగితం కర్బన ఉద్గారాల పట్టిక అయ్యుంటుంది. గనిలో తవ్వకం మొదలు కేంద్రాన్ని విప్పేసే దాకా మొత్తం జీవితకాలాన్ని కలిపి, వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నియమించిన శాస్త్రవేత్తల బృందం 2014లో ఇచ్చిన మధ్యస్థ విలువల ప్రకారం, ఒక యూనిట్ కరెంటుకు బొగ్గు 820 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువులను, సహజవాయువు 490 గ్రాములను, బయోమాస్ 230 గ్రాములను, పెద్ద సౌర కేంద్రాలు 48 గ్రాములను, జలవిద్యుత్తు 24 గ్రాములను, అణువిద్యుత్తు 12 గ్రాములను, గాలిమరలు 11 గ్రాములను విడుదల చేస్తాయి. ఈ పట్టిక తప్పు కాదు. ఇంధనాల మధ్య ఉన్న తేడా పదుల రెట్లలో ఉందని చూపించడానికి బాగా పనికొస్తుంది. అయితే ఇవి ప్రపంచమంతటి అధ్యయనాల మధ్యస్థ విలువలు. బయోమాస్ అన్న ఒక్క మాట కింద యూరప్‌లో ఇందుకోసమే పెంచిన తోటలూ ఉన్నాయి, మన మిల్లు వెనక కుప్పపోసిన ఊకా ఉంది. కాబట్టి ఆ 230ని మీ ఊరికి అన్వయించకండి.

ఏ పోలికకైనా ముందు కొలమానం కుదరాలి. ఆరు మెగావాట్ల బయోమాస్‌ను ఆరు మెగావాట్ల సౌర కేంద్రంతో పోల్చడం అర్థం లేని పని. బాయిలరు సజావుగా నడిస్తే ఏడాది కాలంలో ఎనభై శాతం సమయం ఉత్పత్తి ఇవ్వగలదు, అంటే సుమారు 4.2 కోట్ల యూనిట్లు. సౌర ఫలకాల వినియోగ సామర్థ్యం (ఏడాదంతా పూర్తి స్థాయిలో నడిస్తే రావాల్సిన కరెంటులో నిజంగా వచ్చే వాటా) మన ఎండలకు పద్దెనిమిది, ఇరవై శాతం మధ్య ఉంటుంది కనుక, అన్ని యూనిట్లు రావాలంటే దాదాపు 25 మెగావాట్ల ఫలకాలు కావాలి. మెగావాట్‌కు నాలుగైదు ఎకరాల చొప్పున 100 నుంచి 125 ఎకరాలు. ఇకపై నేను చెప్పే లెక్కలన్నీ ఈ 4.2 కోట్ల యూనిట్ల మీదే.

ఇప్పుడు ఊక సంగతి. దీన్ని కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే లెక్క మధ్యలో ఆపేస్తారు. ఊకలో కిలోకు దాదాపు 3,100 కిలోకేలరీల వేడి ఉంటుంది. ఆరు మెగావాట్ల స్థాయి బాయిలరు, టర్బైను ఆ వేడిలో దాదాపు 21 శాతాన్ని మాత్రమే కరెంటుగా మార్చగలవు. ఆ లెక్కన యూనిట్‌కు 1.3 కిలోల ఊక, ఏడాదికి 55 వేల టన్నులు పడుతుంది. ధాన్యం బరువులో ఊక వాటా సుమారు ఇరవై శాతం కాబట్టి, అంత ఊక రావాలంటే రెండు లక్షల డెబ్బై వేల టన్నుల ధాన్యం ఆడాలి. ఎకరాకు రెండు టన్నుల దిగుబడి అనుకున్నా అది ఒక లక్షా ముప్ఫై ఐదు వేల ఎకరాల పంట. తోటపల్లి, మడ్డువలస ఆయకట్టుల కింద వరి బాగానే పండుతుంది, నిజమే. కానీ ఆ ఊకంతా ఖాళీగా పడి ఉందా?

లేదు. ఉప్పుడు బియ్యం చేసే మిల్లులు ధాన్యం ఉడకబెట్టడానికి, ఆరబెట్టడానికి సొంత ఊకనే వాడుకుంటాయి. మిగిలింది ఇటుక బట్టీలకు, కోళ్ల ఫారాలకు, చిన్నచిన్న బాయిలర్లకు పోతుంది. కొత్త కేంద్రం ఎక్కువ ధర పెట్టి కొనడం మొదలుపెడితే ఈ పాత వాడుకదార్లు పని మానుకోరు, బొగ్గుకో సరుగుడు కట్టెలకో జీడి తొక్కకో మళ్లుతారు. ఆ పొగ మాత్రం విద్యుత్ కేంద్రం పద్దులో ఎక్కడా కనిపించదు.

దాని పరిమాణం ఎంతో చూడండి. దేశ గ్రిడ్‌లో ఒక యూనిట్‌కు సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. 4.2 కోట్ల యూనిట్లు గ్రిడ్‌కు ఇస్తే సుమారు 29 వేల టన్నుల ఉద్గారం తప్పించినట్టు ప్రాజెక్టు నివేదిక రాసుకుంటుంది. ఇప్పుడు 55 వేల టన్నుల ఊకలో సగాన్ని ఇతరుల పొయ్యిల నుంచి లాక్కున్నారని, వాళ్లు అంతే వేడిని కిలోకు 4,000 కిలోకేలరీలిచ్చే బొగ్గుతో తెచ్చుకున్నారని అనుకుందాం. దానికి 21 వేల టన్నులకు పైగా బొగ్గు కావాలి, టన్ను బొగ్గుకు 1.6 టన్నుల చొప్పున 34 వేల టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. తప్పించామని చెప్పినదానికంటే కొత్తగా పుట్టించినదే ఎక్కువ. ఇందులో మాయ ఏమీ లేదు. మిల్లు బాయిలరు ఊకలోని వేడిలో అధిక భాగాన్ని ఆవిరిగా వాడుకుంటుంది, ఆవిరితో కరెంటు మాత్రమే తీసే చిన్న కేంద్రం దాదాపు ఐదింట నాలుగు వంతుల వేడిని పొగగొట్టం, కూలింగ్ టవర్‌ల గుండా గాలికి వదిలేస్తుంది. మంచి వాడుకలో ఉన్న ఇంధనాన్ని నాసి వాడుకలోకి మార్చడమే ఇక్కడ జరిగే పని. నేను సగం అనుకున్నది ఉదాహరణకే. అసలు వాటా మూడో వంతో, ముప్పాతికో మీ మండలంలో మిల్లులను, బట్టీలను అడిగితేనే తెలుస్తుంది, ఆ సర్వే చేయకుండా వచ్చిన నివేదికను తిప్పి పంపండి.

ఈ పోటీ ఊహ కూడా కాదు. రాష్ట్రంలో 2000 తర్వాత ఈ స్థాయి బయోమాస్ కేంద్రాలు చాలానే వచ్చాయి. అవి వచ్చాకే ఊక ధర పెరిగింది, పాత టారిఫ్‌కు గిట్టుబాటు కాక వాటిలో అనేకం ఏడాదిలో కొన్ని నెలలే నడిచాయి, కొన్ని మూతపడ్డాయి. కొంత శాతం బొగ్గు కలుపుకునే వెసులుబాటు ఉండటంతో ఊక దొరకని నెలల్లో ఏం కాల్చారన్నది వేరే చర్చ. మూతపడిన కేంద్రానికి పోసిన సిమెంటు, ఉక్కు కూడా జీవితకాల లెక్కలోకే వస్తాయి. హారంలో యూనిట్లు తగ్గిన కొద్దీ ఒక్కో యూనిట్ మీద ఆ భారం పెరుగుతుంది.

నీటి సంగతి కూడా ఇంతే ముఖ్యం. తడి కూలింగ్ టవర్‌తో నడిచే చిన్న కేంద్రానికి మెగావాట్-గంటకు (అంటే వెయ్యి యూనిట్లకు) నాలుగైదు ఘనపు మీటర్ల నీరు పడుతుందని అంచనా వేసుకోవచ్చు. పూర్తి లోడు మీద ఆరు మెగావాట్లకు అది రోజుకు ఆరున్నర లక్షల లీటర్లు. జల్ జీవన్ మిషన్ తలకు రోజుకు 55 లీటర్లు అంటోంది కనుక, అది దాదాపు 12 వేల మందికి సరిపడే తాగునీరు. నాగావళి, సువర్ణముఖి, వేగావతి వానాకాలంలో పొంగినా ఏప్రిల్, మే నెలల్లో గెడ్డలన్నీ ఎండిపోతాయి. ఏడాది సగటు నీటి లభ్యత చూపించి ‘సరిపడా ఉంది’ అనే నివేదికలు ఎక్కువ. మీరు అడగాల్సింది మే నెల లెక్క, అదీ నీరు బోరు నుంచా, చెరువు నుంచా, కాలువ నుంచా అన్న వివరంతో. పెద్ద థర్మల్ కేంద్రాలకు కేంద్ర పర్యావరణ శాఖ 2015 డిసెంబరులో నీటి పరిమితి పెట్టింది, కూలింగ్ టవర్లున్న పాత కేంద్రాలకు మెగావాట్-గంటకు 3.5 ఘనపు మీటర్లు. చిన్న బయోమాస్ కేంద్రం వాటికంటే యూనిట్ కరెంటుకు ఎక్కువ నీరు తాగుతుందన్న విషయం ఆశ్చర్యంగా అనిపించినా నిజం.

బూడిద గురించి క్లుప్తంగా. ఊకలో ఐదో వంతు బూడిదే, అంటే ఏడాదికి 11 వేల టన్నులు. అందులో ఎక్కువ భాగం సిలికా. ఇటుకలకు, సిమెంటు మిశ్రమాలకు, ఉక్కు పరిశ్రమకు కొనేవాళ్లుంటే అది ఆదాయం. లేకపోతే వేసవి గాలికి ఊరి మీదికి లేచే ధూళి, మండించిన ఉష్ణోగ్రత మరీ ఎక్కువైతే స్ఫటిక రూపంలోకి మారి ఊపిరితిత్తులకు మరింత హాని. కొనుగోలు ఒప్పందం ఉందా అన్నదొక్కటే ప్రశ్న.

భూమి విషయంలో మన జిల్లాలు ఇప్పటికే చాలా మూల్యం చెల్లించాయి. సోంపేట దగ్గర బీల (చిత్తడి) భూముల్లో 2,640 మెగావాట్ల థర్మల్ కేంద్రానికి అనుమతి ఇచ్చిన కాగితాల్లో ఆ నేల పనికిరాని భూమిగా కనిపించింది. అక్కడి వాళ్లకు అది ఎత్తిపోతల సాగుకు నీరు, చేపలు, పశువుల మేత. 2010 జూలై 14న ఆందోళనకారులపై కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి, అదే రోజున జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఆ అనుమతిని రద్దు చేసింది. 2011 ఫిబ్రవరి 28న, మరో థర్మల్ కేంద్రం కడుతున్న కాకరాపల్లి తంపర భూముల దగ్గరా కాల్పులు జరిగాయి. తేలినీలాపురం వలస పక్షులు మేతకు వాలే చిత్తడి ప్రాంతం అది. ఆ కేంద్రం నిర్మాణం మధ్యలోనే నిలిచిపోయింది. ఒక్క యూనిట్ కూడా ఇవ్వకుండానే అంత నేల, నీటి పారుదల దారులు, ఇనుము ఖర్చయ్యాయి. ఉద్గారాల గ్రాముల పట్టికలో దీనికి గడి లేదు. అందువల్ల సౌర సంస్థ మీకు సర్వే నంబర్లు ఇచ్చినప్పుడు అడంగల్లో ఏం రాసి ఉందో చూడటంతో సరిపెట్టకండి. బంజరు, పోరంబోకు అని రాసున్న చోట ఎవరి గొర్రెల మంద తిరుగుతోంది, ఏ చెరువుకు నీరు ఆ మెరక మీదుగా జారి వస్తోంది, డి-పట్టా (ప్రభుత్వ భూమికి పేదలకిచ్చే పట్టా) పొంది సాగు చేసుకుంటున్నవారు ఎవరు అన్నది నడిచి చూసి రాసుకోండి. సొంత పట్టా భూమి ఉన్న జిరాయితీ రైతుకు కౌలు డబ్బు వస్తుంది. కాపరికి, కూలికి ఏమీ రాదు. 125 ఎకరాలు ఒకే కంచెలో పడితే దారులు కూడా మారిపోతాయి.

సౌర ఫలకాల మిగతా సంగతులు ఇంత చిక్కుగా లేవు. ఫలకం తయారీకి పట్టిన శక్తిని మన ఎండలో ఒకటి నుంచి రెండేళ్లలో తిరిగి ఇచ్చేస్తుంది, ఆయుష్షు పాతికేళ్లు. 25 మెగావాట్లకు ఫలకాల బరువే 1,200 టన్నులకు పైగా ఉంటుంది. ఆయుష్షు తీరాక అది ఎవరు తీసుకెళ్తారో కౌలు పత్రంలోనే రాయించుకోవాలి. 2022 ఈ-వ్యర్థాల నియమాలు సౌర ఫలకాలను తమ పరిధిలోకి తెచ్చాయి గానీ ఆ బాధ్యత ఉత్పత్తిదారుపై ఉంది, పాతికేళ్ల తర్వాత ఆ ఉత్పత్తిదారు ఉంటాడో లేదో భూమి యజమానికి తెలియదు.

సౌర విద్యుత్తుపై వచ్చే బలమైన అభ్యంతరం సాయంత్రం గురించి. మన ఇళ్లలో వాడకం పొద్దుగూకాక పెరుగుతుంది, అప్పటికి ఫలకాలు నిద్రపోతాయి. ఈ లోటుకే సాలూరు వైపు కురుకుట్టి, కర్రివలసల్లో నీటిని పైకి తోడి కిందికి వదిలే పంప్డ్ స్టోరేజ్ పథకాలు ప్రతిపాదించారు. నాలుగు యూనిట్లు పెట్టి మూడు వెనక్కి తీసుకునే ఏర్పాటు అది, పైగా గిరిజన ప్రాంతం, దాని సుస్థిరతను విడిగానే తూచాలి. అయితే మీ ప్రాంతానికి సాయంత్రం అభ్యంతరం పూర్తిగా వర్తించదు. రాష్ట్రంలో వ్యవసాయ ఫీడర్లకు (పొలం మోటార్లకు కరెంటు తెచ్చే లైన్లకు) పగటిపూట తొమ్మిది గంటల కరెంటు ఇస్తున్నారు. ఆ మోటార్ల లోడు, ఎండ కాసే గంటలు దాదాపు ఒకే వేళకు కలుస్తాయి. కాబట్టి ఫలకాల నుంచి వచ్చిన యూనిట్ ఊళ్లోని 33/11 కేవీ సబ్‌స్టేషన్ దాటకుండానే ఖర్చవుతుంది, దూరపు లైన్ల నష్టం కూడా తగ్గుతుంది. 2019లో మొదలైన పీఎం-కుసుమ్ పథకంలో సబ్‌స్టేషన్‌కు ఐదు కిలోమీటర్ల లోపు అరమెగావాట్ నుంచి రెండు మెగావాట్ల దాకా చిన్న కేంద్రాలకు అవకాశం ఇచ్చినది ఇందుకే. రెండు మెగావాట్లంటే ఎనిమిది, పది ఎకరాలు. ఒకే కంచెలో 125 ఎకరాలకు ఒప్పుకోవడం కంటే, నీరందని మెట్టల్లో ఇలాంటివి విడివిడిగా పెట్టమని అడగడమే నా సలహా. పెద్ద సంస్థలకు అది నచ్చదు. స్థాయి పెరిగితే వాళ్లకు ఖర్చు తగ్గుతుంది, ఆ తగ్గింపులో గ్రామానికి వాటా మాత్రం రాదు.

తుపానును లెక్కలోకి తీసుకోని నివేదిక ఈ తీరంలో చెల్లదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ ఏం చేశాయో మీకు చెప్పనవసరం లేదు. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలు వేల సంఖ్యలో నేలకూలాయి. గాలి ఒత్తిడిపై భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం విశాఖపట్నానికి సెకనుకు 50 మీటర్ల మౌలిక వేగాన్ని నిర్దేశిస్తుంది, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2015 సవరణలో తీరం నుంచి 60 కిలోమీటర్ల లోపు కట్టడాలకు తుపాను గుణకాన్ని చేర్చారు. రాజాం ఆ పరిధిలోనే ఉంది. రాజస్థాన్‌లో వాడిన నమూనా ఫ్రేములనే ఇక్కడికీ దించేస్తే పాతికేళ్ల ఆయుష్షు అన్న అంకె మొదటి పెద్ద తుపానుకే ఎగిరిపోతుంది. డిజైన్ నివేదికలో ఏ వేగం, ఏ గుణకం తీసుకున్నారో ఆ ఒక్క పేజీ అడగండి. ఊక కేంద్రానికీ తుపాను సమస్యే. ఆరుబయట కుప్పపోసిన ఊక తడిస్తే మండదు, పైగా అక్టోబరులో పంట పోతే వచ్చే ఏడాదికి ఊకే ఉండదు.

పోలిక కోసం మిగతావాటి గురించి రెండు మాటలు. రణస్థలం మండలంలోని కొవ్వాడలో 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు ప్రతిపాదించారు. ఉద్గారాల పరంగా అణువిద్యుత్తు పద్దు చాలా బాగుంటుంది. కానీ ఖర్చయిన ఇంధనాన్ని వేల ఏళ్లు కాపాడే బాధ్యతనూ, ఒక్క యూనిట్ పుట్టకముందే ఊళ్లు వదులుకోవాల్సి వచ్చే మత్స్యకారుల బతుకునూ గ్రాముల్లోకి మార్చలేం. 1955లో మొదలైన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ఇప్పటికీ నడుస్తోంది, 120 మెగావాట్లు, పొగ లేదు, యూనిట్ ఖర్చు అతి తక్కువ. దాని జలాశయం కింద వేల మంది గిరిజనులు భూములు పోగొట్టుకున్నారు. ఇలాంటి మేలునూ కీడునూ కూడి తీసివేసి ఒక అంకె చెప్పమంటే నేను చెప్పలేను, చెప్పేవాళ్లను అనుమానిస్తాను.

అందుకే నూటికి ఇన్ని మార్కులు అనే పద్ధతి గురించి ఒక హెచ్చరిక. కన్సల్టెంట్లు ఉద్గారాలకు ముప్ఫై, ఖర్చుకు ముప్ఫై, ఉద్యోగాలకు ఇరవై, నీటికి పది, భూమికి పది అంటూ బరువులు వేసి కూడుతారు. ఆ కూడికలో ఉద్యోగాలకు వచ్చిన మార్కులు మే నెలలో ఎండిపోయిన బావిని కప్పిపుచ్చగలవు. నేనైతే ముందు గీతలు గీస్తాను: వేసవిలో తాగునీటి వనరును తాకకూడదు, చిత్తడి నేలలు, చెరువుల పరీవాహకం పోకూడదు, ఇప్పటికే వాడుకలో ఉన్న ఇంధనాన్ని ఎత్తుకుపోకూడదు. వీటిలో ఒక్కటి దాటినా ఆ ప్రతిపాదనను ఆ రూపంలో పక్కన పెట్టాలి. దాటనివాటి మధ్య ఖర్చు, ఉద్గారాలు, ఉపాధి పోల్చి ఎంచుకోవచ్చు.

ఈ గీతల మీద మీ రెండు ప్రతిపాదనలను చూస్తే, ఆరు మెగావాట్ల ఊక కేంద్రం మూడో గీత దగ్గర, బహుశా మొదటి గీత దగ్గర కూడా నిలవదని నా అంచనా. ఊక ఎక్కడికక్కడ మిగిలిపోతున్న మిల్లుల సముదాయం ఉంటే, ఆవిరిని ధాన్యం ఉడికించడానికి వాడి, దానితో పాటే కరెంటు తీసే ఒకటి రెండు మెగావాట్ల సహ-ఉత్పత్తి యూనిట్‌ను నేను సమర్థిస్తాను. సంకిలి వంటి చోట్ల చక్కెర మిల్లుల్లో చెరకు పిప్పితో జరిగేది ఇదే తర్కం. సౌర కేంద్రం రెండో గీత దాటకుండా, చిన్న ముక్కలుగా వస్తే ఒప్పుకోదగినది.

చివరగా చట్టం సంగతి, ఎందుకంటే మీరు ప్రజాభిప్రాయ సేకరణ కోసం ఎదురుచూస్తున్నట్టు రాశారు. 2006 పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం, దాని తర్వాతి సవరణలతో కలిపి, 15 మెగావాట్ల లోపు బయోమాస్ కేంద్రాలకు పర్యావరణ అనుమతి అవసరం లేదు, సౌర ఫలకాల కేంద్రాలకూ అవసరం లేదు. కాబట్టి ఆ విచారణ జరగదు. మీకు మిగిలిన చోట్లు రెండే. మొదటిది గ్రామసభ, పంచాయతీ తీర్మానం. రెండోది, బయోమాస్‌కైతే, నీటి కాలుష్య చట్టం, వాయు కాలుష్య చట్టం కింద రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే స్థాపన సమ్మతి. సమ్మతి దరఖాస్తులో నీటి వనరు, రోజువారీ పరిమాణం, బూడిద పారవేత, ఇంధనం రకం రాయాల్సి ఉంటుంది. సమాచార హక్కు చట్టం కింద ఆ దరఖాస్తు నకలు ఇప్పుడే అడగండి, సమ్మతి జారీ అయ్యాక అడిగితే షరతులు మార్పించడం చాలా కష్టం. అది చేతికొచ్చాక అందులో రాసిన ఊక పరిమాణాన్ని మీ మండలం మిల్లుల వివరాలతో పోల్చి చూపిస్తే, మిగతా లెక్క వేయడంలో నేను సాయం చేస్తాను.